ఒక ప్యాడ్, ఒక పంక్తి

మా పని గురించి తెలియనివాళ్లకు చెప్పాల్సి వస్తే నేను ఫుట్‌ప్రింట్ దగ్గర మొదలుపెడతాను. ఐసీ అయినా, కెపాసిటర్ అయినా, కనెక్టర్ అయినా సర్క్యూట్ బోర్డు మీద దాని కాళ్లు ఆనడానికి రాగి చోటు కావాలి. ఆ రాగి ముక్కల్ని ప్యాడ్లంటాం. ఏ ప్యాడ్ ఎక్కడ ఉండాలి, ఎంత పొడవు, ఎంత వెడల్పు, దాని మీద సోల్డర్ పేస్ట్ ఎంత పడాలి, ఆకుపచ్చ మాస్క్ ఎంతమేర తెరుచుకోవాలి, ఒకటో కాలు ఎటువైపో చెప్పే చుక్క ఎక్కడ పెట్టాలి, ఇవన్నీ కలిస్తే ఫుట్‌ప్రింట్. సర్క్యూట్ ఎంత బాగా ఆలోచించి గీసినా, ట్రాకులు ఎంత పొందిగ్గా లాగినా, ఫుట్‌ప్రింట్‌లో తేడా ఉంటే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బోర్డుల కట్ట మొత్తం పక్కన పెట్టాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో తప్పయితే దిద్ది మళ్లీ పంపిస్తారు. ఇక్కడ దిద్దేసరికి రాగి కరిగి ద్రావణంలో కలిసిపోయి ఉంటుంది.

మా ఆఫీసు హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా దాటాక కుషాయిగూడ వైపు ఉంది. అక్కణ్ణుంచి చర్లపల్లి దాకా బోర్డులు తయారుచేసే, అసెంబుల్ చేసే చిన్న యూనిట్లు చాలా ఉన్నాయి. మేం గీసిన బోర్డు ఎక్కువసార్లు మా కళ్లముందే పేస్ట్ పూయించుకుని, రీఫ్లో ఓవెన్‌లోకి వెళ్లి బయటికొస్తుంది. డిజైనర్‌కు ఇది పెద్ద వరం. లైన్ మీద పనిచేసే సూపర్‌వైజర్ ఫోన్ చేసి "సార్, ఈ ఐసీ కాళ్లు ప్యాడ్ల మీద సరిగ్గా కూర్చోవట్లేదు, ఒకసారి వచ్చి చూడండి" అంటే నడిచి వెళ్లి మైక్రోస్కోప్ కింద చూసి రావచ్చు.

మాకు పని ఇచ్చేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో లేఅవుట్ సాఫ్ట్‌వేర్ వాడతారు. దాంతో ఒకే ఎనిమిది కాళ్ల ఐసీకి మా దగ్గర రకరకాల లైబ్రరీల్లో రకరకాల ఫుట్‌ప్రింట్లు పేరుకుపోయాయి. ఒకదాంట్లో ప్యాడ్ కాస్త పొడుగు, ఇంకోదాంట్లో కాస్త కురచ. ఏది సరైనదని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు అనే ప్రశ్నలకు ఆ ఫైళ్లలో జవాబు దొరకదు. లోపల ఉన్నదంతా యంత్రం చదివే బైట్లే. ఫుట్‌ప్రింట్లన్నిటినీ మామూలు అక్షరాల ఫైళ్లలో ఒకేచోట రాసుకుని, అక్కణ్ణుంచి ఏ సాఫ్ట్‌వేర్‌కు కావలసింది దానికి తయారుచేసుకోవాలని నిర్ణయం తీసుకున్నాం. ఆ ఫైలు ఎలా ఉండాలో తేల్చే పని నాకు అప్పగించారు.

మొదలుపెట్టేటప్పుడే ఒక షరతు రాసి గోడకు అంటించాను. ఫైల్లో ఒక పంక్తి మారిందంటే బోర్డు మీద ఏదో ఒకటి మారుతున్నట్టు. బోర్డు మీద ఏదీ మారకపోతే ఫైల్లో ఒక్క అక్షరం కూడా మారకూడదు. వినడానికి ఇది చాలా తేలికగా ఉంటుంది. ఆ తర్వాత మా మధ్య జరిగిన చర్చలన్నీ దీని చుట్టూనే తిరిగాయి.

అక్షరాల్లో రాయడం మేం కనిపెట్టింది కాదు. ఫ్యాక్టరీకి పంపే గెర్బర్ ఫైలు మొదటి నుంచీ అక్షరాలే. థామస్ నౌ 1990లో అటారీ ఎస్‌టీ కంప్యూటర్ మీద రాసిన పీసీబీ అనే ప్రోగ్రాం తర్వాత యూనిక్స్‌కు వచ్చి జీఈడీఏ కుటుంబంలో చేరింది. దాని ఫైళ్లను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. జాన్ పియెర్ షరాస్ 1992లో మొదలుపెట్టిన కీక్యాడ్ కూడా అంతే. ఈగిల్ అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఆరో వెర్షన్‌లో బైనరీని వదిలి ఎక్స్‌ఎంఎల్‌కు మారింది. వీటి ఫైళ్లన్నీ ముందేసుకుని చాలా రోజులు చదివాను. ముందు నడిచినవాళ్లు ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి తిరిగి వేరే దారి పట్టారో చూడకుండా కొత్త ఫార్మాట్ రాయడం బాధ్యతలేని పని అనిపించింది.

జీఈడీఏ ఫైళ్ల నుంచి నేర్చుకున్నది ఎక్కువ. అందులో ఒక ఎలిమెంట్ వివరాలు చదరపు బ్రాకెట్లలో ఉంటే కొలతలు మిల్లులో నూరో వంతులు, గుండ్రటి బ్రాకెట్లలో ఉంటే పూర్తి మిల్లులు. మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు. బ్రాకెట్ ఆకారం మారితే బొమ్మ నూరు రెట్లు మారుతుందన్నమాట. పాత ఫైళ్లు చెడకుండా కొత్త కచ్చితత్వం తేవడానికి వాళ్లు పట్టిన ఉపాయం అది, యంత్రం దృష్టిలో అందులో ఏ దోషమూ లేదు. కానీ ఫైలు చదివే మనిషి కన్ను బ్రాకెట్ మీద నిలవదు. అలాగే అందులో ప్యాడ్ అంటే ఒక గీత: రెండు చివరల నిర్దేశాంకాలు, దాని మందం, ఆ తర్వాత క్లియరెన్స్, మాస్క్, పేరు, నంబరు, గుర్తులు. మొత్తం పది విలువలు వరుసగా ఉంటాయి, ఏది ఏమిటో పక్కన రాసి ఉండదు. ప్యాడ్ పొడవు తెలియాలంటే రెండు చివరల మధ్య దూరానికి మందాన్ని కలుపుకోవాలి. డేటాషీట్‌లో 1.55 అని ఉన్న అంకె ఫైల్లో ఎక్కడా 1.55గా కనిపించదు.

అందుకే మా ఫార్మాట్‌లో ప్రతి విలువకూ ముందు దాని పేరు ఉంటుంది. వరుసను బట్టి అర్థం చేసుకోవాల్సినది ఏదీ లేదు. డేటాషీట్ పక్కన పెట్టుకుని చూసే మనిషికి అక్కడి అంకె ఇక్కడ అదే రూపంలో కనిపించాలి. మధ్యబిందువు నిర్దేశాంకాలు, పొడవు, వెడల్పు. అంతే.

ఇక కొలమానం. దీని మీదే మేం ఎక్కువ కాలం గడిపాం, గడపాల్సిందే కూడా. ఎలక్ట్రానిక్స్ అంగుళాల్లో పుట్టింది. పాత ఐసీల కాళ్ల మధ్య దూరం అంగుళంలో పదో వంతు, అంటే 2.54 మిల్లీమీటర్లు. ఇప్పటి భాగాలు చాలామటుకు మిల్లీమీటర్లలో పుడుతున్నాయి: 0.8, 0.65, 0.5, 0.4. సగం మిల్లీమీటరు అంటే 19.685 మిల్లులు. దాన్ని గుండ్రంగా 20 మిల్లులు చేస్తే 0.508 మిల్లీమీటర్లు అవుతుంది. తేడా ఎనిమిది మైక్రాన్లు, వెంట్రుక మందం కూడా కాదు. కానీ యాభై కాళ్ల రిబ్బన్ కేబుల్ కనెక్టర్ ఒకటి తీసుకోండి. యాభై కాళ్ల మధ్య నలభై తొమ్మిది ఖాళీలుంటాయి. ఒక్కో ఖాళీలో ఎనిమిది మైక్రాన్లు పేరుకుంటూ పోతే చివరి కాలు చేరేసరికి 0.392 మిల్లీమీటర్లు. ఆ కనెక్టర్ ప్యాడ్ వెడల్పు 0.3 మాత్రమే. మొదటి కాలు సరిగ్గా కూర్చుంటే చివరి కాలు పక్క ప్యాడ్ మీదికి ఎక్కేస్తుంది. కనెక్టర్‌ను మధ్యలో సరిపెట్టినా రెండు చివర్లలో చెరో 0.196 తప్పుతుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే మధ్య కాళ్లు బాగుంటాయి, చివరలకు పోయేకొద్దీ కాళ్లు పక్కకు జరుగుతూ కనిపిస్తాయి. అలాంటి బోర్డు చూసిన ఎవరైనా ఆ వరస చూడగానే, ఎక్కడో ఎవరో అంగుళాల్లోకి మార్చి గుండ్రం చేశారని చెప్పేస్తారు.

కీక్యాడ్ పాత ఫైళ్లలో కొలతలు మిల్లులో పదో వంతుల్లో ఉండేవి. తర్వాత వాళ్లు లోపలి లెక్కంతా నానోమీటర్లకు మార్చి, పూర్ణసంఖ్యల్లో పెట్టారు. ఆ నిర్ణయం వెనకాల ఉన్న గణితం నాకు చాలా ఇష్టం. 1959 ఒప్పందం ప్రకారం అంగుళం అంటే కచ్చితంగా 25.4 మిల్లీమీటర్లు. కాబట్టి ఒక మిల్ అంటే కచ్చితంగా 25,400 నానోమీటర్లు, దాంట్లో పదో వంతు 2,540. రెండు ప్రపంచాల కొలతలూ ఎక్కడా మిగులు లేకుండా ఒకే పూర్ణసంఖ్యల గీతల మీద ఇమిడిపోతాయి. ముప్పై రెండు బిట్ల సంఖ్యలో పెడితే అటూ ఇటూ రెండేసి మీటర్లకు పైగా చోటు ఉంటుంది. అంత పెద్ద బోర్డు ఎవరూ చేయించరు.

మేమూ లోపల నానోమీటర్లే తీసుకున్నాం. కానీ ఫైల్లో ఆరు సున్నాలతో సంఖ్యలు రాస్తే మనిషి చదవలేడు, చదివినా ఒక సున్నా తేడాను పట్టలేడు. అందుకని ఫైల్లో రాసేది మిల్లీమీటర్లలో, దశాంశ బిందువు తర్వాత గరిష్ఠంగా ఆరు అంకెలు. చివరి అనవసరపు సున్నాలు ఉండవు. చదివే ప్రోగ్రాం ఆ అక్షరాల్ని నేరుగా పూర్ణసంఖ్యగా మార్చుకోవాలి, మధ్యలో ఫ్లోటింగ్ పాయింట్‌లోకి వెళ్లకూడదు. కంప్యూటర్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 రావడం ప్రోగ్రామర్లందరికీ తెలిసిన విషయమే. రాగికి ఆ తోకతో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది మా షరతుకు. ఫైలు తెరిచి ఏమీ మార్చకుండా సేవ్ చేసినా 0.3 ఉన్న చోట ఆ తోక ప్రత్యక్షమైతే, పది పంక్తులు మారినట్టు కనిపిస్తాయి. అసలైన మార్పు ఆ పదింటిలో దాక్కుంటుంది.

మిల్లులు రాసుకునే వీలు కూడా ఇవ్వమని మా టీమ్‌లో కొందరు అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఒకే ఫైల్లో రెండు కొలమానాలకు చోటిస్తే, ఒకే ప్యాడ్‌ను రెండు రకాలుగా రాయొచ్చు. అప్పుడు రెండు ఫైళ్లు ఒకటేనా అని చూడాలంటే పక్కపక్కన పెడితే సరిపోదు, లెక్క కట్టాలి. 2.54 అని రాయడం ఎవరికీ కష్టం కాదు.

రూపం విషయంలో కుర్రాళ్లు యామెల్ కావాలన్నారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, బ్రాకెట్లు తక్కువ, చదివే లైబ్రరీలు ప్రతి భాషలోనూ ఉన్నాయి. మంచి వాదనే. కానీ మా వృత్తిలో వాడే పేర్లు దాని నియమాలకు ఎదురొస్తాయి. రిలే కాంటాక్టులకు మూడు కాళ్లుంటాయి: కామ్, ఎన్‌ఓ, ఎన్‌సీ. అంటే ఉమ్మడి కాలు, మామూలుగా తెరిచి ఉండేది, మామూలుగా మూసి ఉండేది. యామెల్ 1.1 నియమాల ప్రకారం కొటేషన్ గుర్తులు లేకుండా ఎన్‌ఓ అని రాస్తే అది "కాదు" అనే తార్కిక విలువ అయిపోతుంది. కాలి పేరు పోయి దాని స్థానంలో అబద్ధం అనే విలువ కూర్చుంటుంది. ఇంకా విచిత్రం 0603. ఇది మేం రోజూ వాడే రెసిస్టర్ సైజు. సున్నాతో మొదలైంది కాబట్టి యామెల్ 1.1 దాన్ని అష్టాంశ సంఖ్యగా చదివి 387 చేస్తుంది. 0402 అయితే 258. 0805లో ఎనిమిది ఉంది కాబట్టి అష్టాంశం కాలేదు, అందుకని అది మాత్రం అక్షరాలుగానే బతికిపోతుంది. మూడు రెసిస్టర్లలో రెండు మారిపోయి ఒకటి నిలిచే చోట మనిషి ఏ పొరపాటూ చేయలేదు. కొటేషన్లు పెట్టాలని అందరికీ చెప్పొచ్చు, కానీ రాత్రి పదింటికి గడువు ముందు కూర్చున్న ఇంజినీర్ అవి గుర్తుపెట్టుకోవాలని ఆశించే ఫార్మాట్ మంచిది కాదు.

జేసన్‌లో వ్యాఖ్య రాయడానికి చోటు లేదు. మా ఫైళ్లలో వ్యాఖ్యలకే సగం విలువ. ఎక్స్‌ఎంఎల్‌లో మొదలూ ముగింపూ ట్యాగుల మధ్య అంకెలు కనపడవు. కీక్యాడ్ వాడే ఎస్ ఎక్స్‌ప్రెషన్లు నాకు అన్నిటికంటే నచ్చాయి, ఒకదాంట్లో ఒకటి పొదిగిన బ్రాకెట్లతో యంత్రానికి చాలా సులువు. అయినా వాటిని తీసుకోలేదు. పొదగడం మొదలుపెడితే ఒక ప్యాడ్ వివరం నాలుగైదు పంక్తుల్లోకి పరుచుకుంటుంది. ఫైళ్లలో మార్పుల్ని గుర్తుపెట్టుకునే గిట్‌లో మార్పు చూపించినప్పుడు "సైజు 1.5, 0.6" అన్న పంక్తి మారిందని కనిపిస్తుంది, అది ఏ కాలి సైజో తెలుసుకోవడానికి పైకి వెతుక్కోవాలి. రివ్యూ చేసేవాళ్లు వెతుక్కోరు, సరేలే అని ముందుకు పోతారు. అందుకే ఒక ప్యాడ్ మొత్తం ఒకే పంక్తిలో ఉండాలని నిర్ణయించాం. పంక్తి మొదట్లో అది ప్యాడా, రంధ్రమా, గీతా అన్న మాట. వెంటనే కాలి నంబరు. ఆ తర్వాత పేరూ విలువా జంటలు, ఎప్పుడూ ఒకే క్రమంలో. వెడల్పు మారిందంటే ఆ పంక్తిలోనే ఏ కాలో, ఎక్కడుందో, పాత వెడల్పెంతో, కొత్తదెంతో కళ్లముందే ఉంటాయి.

కాలి నంబరు అన్నాను గానీ అది సంఖ్య కాదు, అక్షరాల మాట. బీజీఏ చిప్పు కింద కాళ్లకు బదులుండే సోల్డర్ బంతులకు వరుసకు ఒక అక్షరం, నిలువుకు ఒక అంకె. ఆ అక్షరాల్లో ఐ, ఓ, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ వదిలేస్తారు, ఒకటితోనో సున్నాతోనో ఇంకోదాంతోనో పొరబడకుండా. హెచ్ తర్వాత జే వస్తుంది. వై తర్వాత రెండక్షరాలు మొదలవుతాయి. అక్షరమాల క్రమంలో గుడ్డిగా పేర్చితే ఒకటి తర్వాత పది, పదకొండు వచ్చి ఆపైన రెండు వస్తుంది. కాళ్ల వరుసను మనుషులు లెక్కపెట్టుకునే తీరులో పేర్చే నియమాన్ని ఒక్క మాట కూడా సందేహం లేకుండా రాయడానికి చాలా శ్రమ పట్టింది. ఆ శ్రమ వృథా కాదు. ఎవరు, ఏ కంప్యూటర్‌లో, ఏ ప్రోగ్రాంతో సేవ్ చేసినా బైటు బైటుకూ అదే ఫైలు రావాలి. అందుకే ఫైల్లో సేవ్ చేసిన తేదీ ఉండదు, చేసినవాళ్ల పేరు ఉండదు. ఆ రెండూ గిట్ చూసుకుంటుంది. దశాంశానికి ఎప్పుడూ చుక్కే. జర్మన్, ఫ్రెంచ్ సెట్టింగ్‌లున్న కంప్యూటర్లో సాధారణ ముద్రణ ఆదేశం 1.27ను కామాతో 1,27గా రాసేస్తుంది. మా కస్టమర్లలో యూరప్ వాళ్లున్నారు, కాబట్టి ఇది కూడా నియమాల్లోకి ఎక్కింది.

అసలు వాదం మాత్రం ఇంకొక చోట జరిగింది. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. ఒక ప్రభుత్వరంగ సంస్థలో రిటైరై మా దగ్గరికి వచ్చారు. కంప్యూటర్లు రాకముందు మైలార్ షీట్ మీద రెండింతల స్కేల్లో నల్ల టేపు అంటించి బోర్డులు గీసిన తరం. నేను తయారుచేసిన మొదటి నమూనా ఫైలు చూసి ఆయన వేలు ఒక అంకె మీద పెట్టారు.

"అబ్బాయ్, ఈ ఆరు పాయింట్ తొమ్మిది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"ఐపీసీ సూత్రం ప్రకారం వచ్చింది సార్."

"సూత్రం నాకూ తెలుసు. దాంట్లో ఏం వేశావు?"

ఎనిమిది కాళ్ల ఎస్‌ఓఐసీ ఐసీ అది. ఒకవైపు కాలి కొన నుంచి రెండోవైపు కాలి కొన వరకు డేటాషీట్లలో సాధారణంగా 5.80 నుంచి 6.20 మిల్లీమీటర్లు ఉంటుంది. ఫుట్‌ప్రింట్ల ప్రమాణమైన ఐపీసీ 7351 పద్ధతిలో బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలత రావాలంటే ఆ కనిష్ఠానికి కాలి ముందు నిలవాల్సిన సోల్డర్ మేరను రెండువైపులా కలపాలి. మధ్య రకం సాంద్రతకు అది 0.35, రెండువైపులా కలిసి 0.70. దానికి టాలరెన్సుల వాటా కలపాలి. ఐసీ తయారీలో తేడా 0.40, బోర్డు తయారీలో 0.10, మెషీన్ భాగాన్ని పెట్టడంలో 0.05 అని మేం తీసుకుంటాం. వాటిని మామూలుగా కూడకూడదు, మూడూ ఒకేసారి ఒకేవైపు చెడటం అరుదు. వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 0.415 వస్తుంది. మొత్తం 6.915. దాన్ని 0.05కు సవరిస్తే 6.90.

పెద్దాయన అడిగిందల్లా ఇదంతా ఫైల్లో ఎందుకు లేదని. ఐదేళ్ల తర్వాత 6.90 చూసినవాళ్లకు అది లెక్కకట్టి వచ్చిందో, ఎవరో చేత్తో జరిపిందో ఎలా తెలుస్తుంది? మా టీమ్‌లో చురుకైన ఒక అమ్మాయి వెంటనే ఇంకో కొసకు వెళ్లింది. "అయితే సార్, ప్యాడ్లు రాయడమే మానేద్దాం. ఐసీ కొలతలు మాత్రం రాసి, ప్యాడ్లు ప్రోగ్రామే లెక్కకట్టుకునేలా చేద్దాం. ఫైలు పది పంక్తుల్లో అయిపోతుంది." ఆలోచన అందంగా ఉంది. జీఈడీఏలో కూడా పాత లైబ్రరీ కొంత అలాగే, ఎం4 మాక్రోలతో అప్పటికప్పుడు ఫుట్‌ప్రింట్లు తయారుచేసేది.

పెద్దాయన తల అడ్డంగా ఊపారు. "లేదమ్మా. రేపు నువ్వు 0.05కు సవరించేదాన్ని 0.01కి మార్చావనుకో. 6.90 కాస్తా 6.92 అవుతుంది. ఐదు వేల బోర్డులు బాగా వచ్చిన ప్యాడ్, నువ్వు ముట్టుకోకుండానే మారిపోతుంది. పేస్ట్ పూసే స్టెన్సిల్ పాతదే ఉంటుంది, బోర్డు కొత్తదై ఉంటుంది."

అక్కడ నా మనసు కుదుటపడింది. రెండూ రాయాలి. ఫైలు పైభాగంలో మూలం: ఏ డేటాషీట్, ఏ రివిజన్, ఏ పేజీ, అందులోని కనిష్ఠ గరిష్ఠ కొలతలు, మేం వేసుకున్న టాలరెన్సులు, సాంద్రత స్థాయి. కింద ఫలితం: ప్యాడ్లు, లెక్కతో వచ్చిన అంకెలతోనే. ఫ్యాక్టరీకి వెళ్లేది కింది భాగం ఒక్కటే. పైభాగం నుంచి లెక్కకట్టి కింది భాగంతో పోల్చే పరీక్ష ఒకటి రాశాం. తేడా వస్తే అది ప్యాడ్లను దిద్దదు, తేడా ఉందని చెప్పి ఊరుకుంటుంది. ఎవరైనా కావాలని ప్యాడ్ జరిపితే ఆ పంక్తి చివర కారణం రాయాలి, కారణం ఉంటే పరీక్ష ఒప్పుకుంటుంది. "చేత్తో సోల్డర్ చేసే బోర్డు, కాలి ముందు చోటు పెంచాం" అని ఒకచోట, "వేవ్ సోల్డరింగ్‌లో చివరి రెండు కాళ్లూ కలిసిపోతున్నాయి" అని ఇంకోచోట. ఈ వ్యాఖ్యలు చదువుతుంటే లైన్ మీద పనిచేసిన మనుషులందరి అనుభవం ఒక దగ్గర చేరినట్టుంటుంది. మా లైబ్రరీలో నాకు అన్నిటికంటే ప్రియమైన భాగం అదే.

మూలం అన్నాం గానీ కొన్నిటికి డేటాషీటే ఉండదు. కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే టెర్మినల్ బ్లాకులు, ట్రాన్స్‌ఫార్మర్లు, రిలేలు కొన్ని అలాంటివే. కస్టమర్ నాలుగు ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టి "ఇదే కావాలి, ఇదే చవక" అంటాడు. వాటికి మూలం అనే చోట "వెర్నియర్‌తో కొలిచాం" అని, ఎన్ని ముక్కలు కొలిచామో, వాటిలో కనిష్ఠ గరిష్ఠాలెంతో రాస్తాం. డేటాషీట్ ఉన్నట్టు నటించడం కంటే ఇలా రాసుకోవడం మంచిది. ఆ పంక్తి చూసిన లేఅవుట్ ఇంజినీర్ రంధ్రాన్ని కాస్త పెద్దదిగా తీసుకుంటాడు.

ఫుట్‌ప్రింట్‌కు చెందినదేది, బోర్డుకు చెందినదేది అన్న గీత గీయడం ఇంకో కష్టం. మాస్క్ తెరపును తీసుకోండి. కాళ్ల మధ్య దూరం, అంటే పిచ్, 0.5 ఉన్నచోట ప్యాడ్ వెడల్పు 0.30 అయితే రెండింటి మధ్య 0.20 ఖాళీ. రెండువైపులా 0.05 మాస్క్ వెనక్కి తీస్తే మధ్యలో 0.10 ఆకుపచ్చ పట్టీ మిగులుతుంది. చాలామంది తయారీదారులు అంతవరకు నిలబెట్టగలరు. 0.4 పిచ్‌లో 0.22 ప్యాడ్లయితే మిగిలేది 0.08. అది ఒకరి దగ్గర నిలుస్తుంది, ఇంకొకరి దగ్గర ఊడి సోల్డర్ పారుతుంది. అంటే ఆ అంకె ఐసీది కాదు, బోర్డు చేసేవాడిది. కాబట్టి మాస్క్ విలువ మామూలుగా ఫుట్‌ప్రింట్‌లో ఉండదు. బోర్డు నియమాల్లో ఉంటుంది. పేస్ట్ సంగతి వేరు. ఐసీ పొట్ట కింద ఉండే పెద్ద థర్మల్ ప్యాడ్ మీద పేస్ట్ మొత్తం పూస్తే ఐసీ తేలిపోతుంది, చుట్టూ ఉన్న కాళ్లు గాల్లో నిలుస్తాయి. దాన్ని కిటికీలుగా విడగొట్టి పూయాలి. ఆ కిటికీలు ఐసీ ఆకారాన్ని బట్టి వచ్చేవి, అవి ఫుట్‌ప్రింట్‌లోనే ఉండాలి.

దిక్కుల గురించి క్లుప్తంగా. కంప్యూటర్ తెర మీద నిలువు అక్షం కిందికి పెరుగుతుంది, గెర్బర్‌లో పైకి పెరుగుతుంది. మేం పైకి తీసుకున్నాం, తిరుగుడు అపసవ్య దిశలో. ఒకటో కాలు పైన ఎడమవైపు. డయోడ్‌కు మాత్రం ఒకటి, రెండు అని రాయనివ్వం. క్యాథోడ్‌ను క్యాథోడ్ అనే రాయాలి, ఎందుకంటే ఒక్కో సింబల్ లైబ్రరీ ఒక్కో కాలిని ఒకటి అంటుంది. వంద ఎల్‌ఈడీలు తలకిందులుగా వెలగకుండా కూర్చున్న బోర్డును ఒకసారి చూస్తే ఈ నియమం ఎవరికీ చాదస్తంగా అనిపించదు.

చివరగా తేల్చిన విషయం, ఇప్పటికీ కొందరు నాతో ఏకీభవించనిది, తెలియని మాట ఎదురైతే ఏం చేయాలన్నది. ఫార్మాట్ పెరుగుతుంది, కొత్త మాటలు వస్తాయి. పాత ప్రోగ్రాం కొత్త ఫైలు తెరిచినప్పుడు అర్థంకాని మాటను వదిలేసి ముందుకు పోయేలా చేయడం వెబ్ బ్రౌజర్లు రాసేవాళ్ల అలవాటు. వాళ్లకది మంచిదే, పేజీ ఎంతోకొంత కనిపిస్తుంది. మాకు కుదరదు. "పేస్ట్ వద్దు" అన్న మాట అర్థంకాక వదిలేస్తే స్టెన్సిల్‌లో ఉండకూడని చోట రంధ్రం పడుతుంది, అది బయటపడేది అసెంబ్లీ లైన్ మీద. అందుకే ఫైలు మొదటి పంక్తిలో ఫార్మాట్ సంఖ్య ఉంటుంది, తెలియని మాట ఒక్కటి కనిపించినా ప్రోగ్రాం అక్కడే ఆగి, ఏ పంక్తిలో ఏ మాటో చెప్పాలి.

ఈ నియమానికి పరీక్ష త్వరగానే వచ్చింది. సోల్డర్ లేకుండా రంధ్రంలోకి బిగించి నొక్కే ప్రెస్‌ఫిట్ కనెక్టర్లున్న పని ఒకటి వచ్చింది. వాటి రంధ్రం పూత వేశాక ఎంత ఉండాలన్నది చాలా కచ్చితంగా చెప్పాలి, మామూలు రంధ్రానికిచ్చే సడలింపు పనికిరాదు. దాని కోసం కొత్త మాట చేర్చాం. ఫుట్‌ప్రింట్లను కస్టమర్ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చే మా ప్రోగ్రాంలలో ఒకటి దాన్ని చూసి ఆగిపోయింది. ఇంకా ఆ మాట దానికి నేర్పలేదు. గడువు దగ్గరపడింది. "సార్, ఆ ఒక్క మాట దాటేయమంటే అయిపోతుంది కదా, మిగతావన్నీ మామూలు రంధ్రాల్లాగే ఉన్నాయి" అన్నాడు మా కుర్రాడు. దాటేస్తే ఆ రంధ్రాలు మామూలు సడలింపుతోనే డ్రిల్ పట్టికలోకి వెళ్లేవి, కనెక్టర్ ఒకచోట వదులుగా, ఒకచోట బోర్డును పగలగొట్టేంత బిగుతుగా ఉండేది. ఇద్దరం కూర్చుని ఆ ప్రోగ్రాంకు ప్రెస్‌ఫిట్ రంధ్రాన్ని విడిగా గుర్తించి, డ్రిల్ పట్టికలో దాని టాలరెన్స్‌ను వేరే వరుసలో రాయడం నేర్పించాం. ఆ తర్వాతే గెర్బర్లు బయటికి తీశాం.